మస్తాన్ సార్ కాగితం మడత

మొన్న దాచేపల్లి అవతల ఒక చేలో బోరు వేస్తున్నారు. ఎక్కడ తవ్వాలో పాయింటు నేనిచ్చిందే కాబట్టి బండి పక్కన నిలబడక తప్పదు. నాపరాయి పొడి తెల్లగా లేచి తల మీదా బట్టల మీదా పడుతోంది. చెవులు గింగురుమంటున్నాయి. ఉన్నట్టుండి తెల్లపొడి ఆగిపోయి గొట్టం పక్కనుంచి ఎర్రటి ముద్ద బయటికి వచ్చింది. దాంతోపాటే వాసన కూడా. తొలకరి వాసన అంటే అందరికీ ఇష్టమే గానీ ఇది అది కాదు. ఎన్నడూ ఎండ మొహం చూడని బంకమన్ను వాసన, కాస్త వెగటుగా, మూతపెట్టి మరిచిపోయిన గిన్నె తీసినట్టు ఉంటుంది. అది ముక్కుకి తగలగానే నాకు మస్తాన్ సార్ గుర్తొచ్చారు. గుర్తు రావడంతోనే కుళ్ళు కూడా పుట్టింది. పోయిన మనిషి మీద కుళ్ళేమిటని మీరు అడగొచ్చు. సార్ పోయి రెండేళ్ళయింది. నా కుళ్ళు మాత్రం నిక్షేపంలా ఉంది.

మస్తాన్ వలీ గారు నరసరావుపేటలో ఒక ఎరువుల కొట్టు మీద మేడగదిలో భూగర్భజలాల సర్వే ఆఫీసు నడిపేవారు. భూగర్భశాస్త్రం చదివి, ఉద్యోగం దొరక్క తిరుగుతున్న నన్ను పనిలో పెట్టుకున్నది ఆయనే. పని గురించి చెప్పాలంటే పెద్ద మర్మమేమీ లేదు. చేలో ఇనప కడ్డీలు దిగ్గొట్టి, వైర్లు లాగి, భూమిలోకి కొద్దిగా కరెంటు పంపిస్తాం. లోపలున్న రాయి దాన్ని ఎంత అడ్డుకుంటోందో మీటరు చెబుతుంది. గట్టి నాపరాయి బాగా అడ్డుకుంటుంది, తడి ఉన్నచోట తక్కువ అడ్డుకుంటుంది. ఆ అంకెలతో గీత గీసి, ఎక్కడ బోరు వేస్తే నీళ్ళు పడతాయో చెప్పాలి. చెప్పాలి అని తేలిగ్గా అనేశాను. మా పల్నాడులో మేము చేలోకి అడుగు పెట్టేసరికే అక్కడ పాయింటు ఖరారై ఉంటుంది. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడిచే మనిషి ముందురోజే వచ్చి, కాయ లేచి నిలబడినచోట పసుపు రాసిన రాయి పాతిపోతాడు. నూటికి తొంభై పాళ్ళు అది ఈశాన్యం మూలే. నీళ్ళు ఈశాన్యంలో ఉండాలని వాస్తు. నైరుతిలో గొయ్యి తవ్వితే ఇంటి యజమానికి ఆపద అని కూడా వాస్తే. ఇంక మమ్మల్ని పిలిచేది ఎందుకంటే, ఆ రాయి దగ్గరే నీళ్ళున్నాయని మా చేత కూడా అనిపించుకోవడానికి.

చాలామంది సర్వేవాళ్ళు అనేసేవారు కూడా. వాళ్ళని తప్పుపట్టలేను, ఇంటిల్లిపాదీ ఆశగా చుట్టూ నిలబడి చూస్తుంటే అంకెలు వాటంతటవే మెత్తబడతాయి. సార్ దీనికొక పద్ధతి పెట్టుకున్నారు. చేలోకి దిగగానే, "ఆ పసుపురాయి పీకి పక్కన పెట్టండయ్యా, అది ఎక్కడుందో నాకు చెప్పొద్దు" అనేవారు. ఇంటివాళ్ళెవరూ ఆయనకంటే ముందు నడవకూడదు. మనిషి అడుగు కోరికవైపే పడుతుందట, వెనక వచ్చేవాడు దాన్నే పట్టుకుని పోతాడట. కొలత తీసిన ప్రతిచోటుకీ ఒక కాగితం. పైన ఆ చోటు పేరు రాసి, ఆ వరస కనపడకుండా మడిచి పిన్ను కొట్టి, కింది అంకెలు మాత్రం నాకిచ్చేవారు. నేను గీత గీసి నా తీర్పు చెప్పాకే మడత విప్పాలి. అది ఈశాన్యమో, నైరుతో, పంచాయతీ ప్రెసిడెంటుగారి పొలమో, ఎవరూ లేని విధవరాలి చెక్కో అప్పటిదాకా నాకు తెలియదు.

మొదట్లో నాకు అవమానంగా ఉండేది. ఒకరోజు అడిగేశాను.

"నా మీద నమ్మకం లేదా సార్?"

"నీ మీద ఉందమ్మా. మనుషుల మీద లేదు. నేను కూడా మనిషినే గదా" అన్నారు ఆయన, పిన్ను గుచ్చుతూనే.

ఆ కుదురే నాకు ఎక్కడో మండేది. మధ్యాహ్నం వేళ చేలో పని ఆపి, గట్టు మీద తువ్వాలు పరిచి నమాజు చేసుకునేవారు. ఒక ఊళ్ళో రైతులు నవ్వులాటకి, "సాయిబు గారికి పడమర, మాకు ఈశాన్యం. ఎవరి దిక్కు వాళ్ళది" అన్నారు. నేనైతే ఉడుక్కునేదాన్ని. సార్ తువ్వాలు దులిపి భుజాన వేసుకుంటూ, "దిక్కు నమాజుకేనయ్యా. మీటరుకి దిక్కుల్లేవు" అని వాళ్ళతో కలిసి నవ్వారు. అట్లాంటి మాట నాకు ఇంటికి వెళ్ళి పడుకున్నాక కూడా తట్టదు.

సొంతవాళ్ళ దగ్గరా అంతే. వాళ్ళ పేట మసీదులో కాళ్ళూ చేతులూ కడుక్కునే తొట్టి పక్కనే బోరు వేయాలని పెద్దలు నిశ్చయించుకుని, మనవాడే గదా అని సార్‌ని పిలిచారు. నేను కూడా వెళ్ళి అరుగు మీద కూర్చుని గీతలు గీశాను. ఒక్క మడత కూడా విప్పకముందే చెప్పాను, అన్నిట్లోనూ నీళ్ళు కొంచెమే, మూడోది మరీ కొంచెం అని. మూడోది విప్పితే తొట్టి పక్క చోటు. పెద్దాయన ఒకరికి కోపం వచ్చింది. "అల్లా పేరు మీద తవ్వుతుంటే నీళ్ళెందుకు పడవు మస్తానూ?" అన్నాడు. "అల్లా పేరు మీద గాబట్టే గదా చాచా, నా ఇష్టం అందులో కలపలేను" అన్నారు సార్. వాళ్ళు అక్కడే వేశారు. సన్నటి ధార వచ్చింది, కాళ్ళు కడుక్కోవడానికి సరిపోయేంత. నీ చదువు ఓడిందిలే అని కొన్నాళ్ళు ఆయన్ని ఏడిపించారు, కొందరు సలాం కూడా ముక్తసరిగా చెప్పేవారు. "కొంచెమే అన్నాం, కొంచెమే వచ్చింది గదమ్మా" అని సార్ నాతో అన్నారు. ఊరంతా తప్పన్నా ఆ మనిషికి నిద్ర పట్టేది. మా వీధిలో ఒకావిడ మూతి తిప్పుకుంటే చాలు, నాకు అన్నం సహించదు.

అయినా ఇవన్నీ పైపైన కుళ్ళు. అసలుది మా నాన్న దగ్గర పుట్టింది.

మాది నడికుడికి అవతల పల్లె. మా నాన్న కోటయ్యకి ఒక బత్తాయి తోట ఉండేది. తన చేత్తో నాటి, ఒక్కో చెట్టు కింద కుండతో నీళ్ళు పోసి పెంచుకున్న తోట. ఈశాన్యంలో వేసిన బోర్లు ఒకదాని తరవాత ఒకటి ఎండిపోయాయి. ఆకులు ముడుచుకుపోయి కాయలు నిమ్మకాయంత కూడా ఊరకుండా రాలిపోతున్నాయి. ఇంకొక్క బోరు పడితే తోట బతుకుతుంది, లేదంటే లేదు. నాన్నా, వాస్తు పక్కన పెట్టు, నేను సర్వే చేస్తాను అని ఎన్నిసార్లు అన్నానో. ఒకసారి విసిగిపోయి ఆయన లోపలున్నది బయట పెట్టేశాడు.

"నువ్వు వద్దే. ఆ సాయిబు గారిని పిలువు."

"నేను చదివిందీ అదే చదువు గదా నాన్నా!"

"చదువు గాదే. నా పొలంలో నీళ్ళు పడ్డా పడకపోయినా ఆయనకి ఒకటే. నీకు పడాలని చానా ఉంది. అట్టా ఆశ ఉన్నోళ్ళ మాట ఎట్టా నమ్మేది?"

కన్నతండ్రి నా ప్రేమనే నా లోపంగా లెక్కకట్టాడు. పైగా ఆ లెక్క తప్పు కాదు. నా ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలియక సార్ మీద మండింది. మా ఇంటికి నాలుగుసార్లు కూడా రాని మనిషి, మా నాన్న దగ్గర నాకు లేని విలువ సంపాదించేశాడు.

సార్ వచ్చారు. రాగానే నన్ను చేలోకి దిగనివ్వలేదు. "మీ పొలం. నువ్వు ఇంటి దగ్గర ఉండు. గీతలు కూడా నేనే గీసుకుంటా" అన్నారు. అమ్మకి వంకాయలు తరిగిస్తూ వంటింట్లో కూర్చున్నాను, కత్తిపీట మీద నా కోపమంతా చూపిస్తూ. చేలో ఏం జరిగిందో తరవాత నాన్న చెప్పాడు. కొబ్బరికాయతో నీళ్ళు చూసే వీరయ్య పెదనాన్న పొద్దుటినుంచీ సార్ వెనకాలే తిరిగాడట. "ఈయనకి వాస్తేం తెలుసు? తెలవనోడికి పట్టింపేం ఉంటది?" అని వచ్చినవాళ్ళందరికీ వినపడేట్టు అంటూనే ఉన్నాడట. సార్ తన పని చేసుకుంటూ పోయారట. సాయంత్రం అరుగు మీద కూర్చుని కాగితాలు చూపిస్తూ చెప్పారు, పాయింటు నైరుతి మూలలో అని.

అమ్మ లోపలికెళ్ళి ఏడుపు మొదలుపెట్టింది. వీరయ్య పెదనాన్న లేచి చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని, "ఒరేయ్ కోటయ్యా, నైరుతిలో గొయ్యంటే ఇంటి యజమానికి చేటురా. తెలిసి తెలిసి దిగబాక" అన్నాడు. అందరూ నాన్న వంక చూశారు. నాన్న తువ్వాలుతో మొహం తుడుచుకుని, చాలాసేపు తోట వంక చూశాడు.

"యజమానికి గదా చేటు. చెట్లకి గాదు గదా. కానీయండి సార్" అన్నాడు.

నేను తలుపు పక్కన నిలబడి విన్నాను. నాన్న ఆ వాస్తుని నమ్మి కూడా, తన ప్రాణాన్ని పక్కన పెట్టి సార్ మాటకి ఒప్పుకున్నాడు. నాకు భయం వేయాలి, గర్వం కలగాలి. ముందు కలిగింది మాత్రం కుళ్ళే. ఆ మాట నాకోసం ఎందుకు అనలేదు అని.

బోరు బండి వచ్చినరోజు ఊరు సగం మా చేలోనే ఉంది. తెల్లపొడి, తెల్లపొడి, ఆపైన ఈ ఎర్రటి ముద్ద, ఈ వాసన. నాపరాయిలో అక్కడక్కడా పెద్ద గుల్లలు ఉంటాయి. కొన్నిట్లో నీళ్ళుంటాయి, కొన్నిట్లో బంకమన్ను నిండిపోయి ఉంటుంది. తడి మన్ను కూడా కరెంటుని అడ్డుకోదు కాబట్టి మీటరుకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. మాకు తగిలింది మన్ను గుల్ల. ఎంత లోతుకి పోయినా అదే. జనంలో గుసగుసలు లేచాయి. నైరుతి అన్నప్పుడే అనుకున్నాంలే అని వీరయ్య పెదనాన్న కాస్త గట్టిగానే అన్నాడు. అప్పుడు మా నాన్న, ఎండిపోతున్న తోట ఆయనదే, సార్‌కి తప్పించుకునే దారి చూపించాడు.

"బండోళ్ళు తొందరపడ్డారేమో సార్. ఇంకో రాడ్డు దించితే పడుద్దేమో."

సర్వేవాళ్ళందరూ పట్టుకునే దారి అది. కేసింగ్ గొట్టం సరిగా దించలేదు, బండి మంచిది కాదు, ఇంకాస్త పోవాల్సింది. ఎవరూ ఏమీ అనరు, పరువు మిగులుతుంది. సార్ తల అడ్డంగా ఊపారు.

"వద్దు కోటయ్య గారూ. ఎన్ని దించినా మన్నే. మూల వల్ల గాదు, బండి వల్ల గాదు. నేను తప్పు చెప్పాను." జనం వైపు తిరిగి అదే మాట మళ్ళీ అన్నారు, వెనక ఉన్నవాళ్ళకి వినపడలేదేమోనని.

ఆ రాత్రి అన్నం తింటూ నాన్న అన్నాడు, "ఎంత మనిషే ఆయన!" అని. తోట పోతోంది, బోరు పోయింది, ఆయన మాత్రం సార్‌ని మెచ్చుకుంటున్నాడు. నేను ఒప్పు చెప్పినా వినేవాళ్ళు లేరు. ఆయన తప్పు చెప్పినా దణ్ణం పెడుతున్నారు. కంచంలో చెయ్యి కడిగేసుకున్నాను.

మర్నాడు ఇద్దరం జీపులో నరసరావుపేట పోతుంటే నడికుడి దగ్గర రైలు గేటు పడింది. సిమెంటు గూడ్సు ఒకటి నత్తనడక నడుస్తోంది. సార్ స్టీరింగు మీద చేతులు పెట్టుకుని దాన్నే చూస్తూ, నేను అడక్కుండానే మొదలుపెట్టారు.

"ఆ గీతలో మన్ను కూడా ఉండొచ్చని నాకు తెలుసు ఝాన్సీ. కొత్తవాడికి కూడా తెలుసు. చూస్తూ చూస్తూ నీళ్ళనే అనుకున్నా."

"ఎందుకు సార్?"

"వీరయ్య పొద్దున్నుంచీ గుచ్చుతున్నాడు. నాకు పట్టలేదనుకున్నా. పట్టింది. వాళ్ళు వద్దన్న మూలలో నీళ్ళు పడితే చూడాలని బుద్ధి పుట్టింది. ఈశాన్యమే గావాలనేవాడికి ఒక కన్ను మూసుకుపోద్ది. ఈశాన్యం ఓడిపోవాలనేవాడికి రెండోది మూసుకుపోద్ది. నిన్ను దూరంగా ఉండమన్నా, నాకు నేనే కాగితం మడవలేదు."

గూడ్సు పోయాక కూడా గేటు లేవడానికి చాలాసేపు పట్టింది. తన తప్పు ఎక్కడ పుట్టిందో వేలు పెట్టి చూపించగల మనిషి పక్కన కూర్చోవడం ఎంత ఇబ్బందో అప్పుడు తెలిసింది. నాలో ఉన్నదాన్ని నేను చూపించలేను. చూపిస్తే ఈ జీపు నిండిపోతుంది.

కొన్ని రోజులకి సార్ ఒక కట్ట కాగితాలు నా బల్ల మీద పడేశారు. రకరకాల ఊళ్ళవి, అన్నీ మడిచి పిన్నులు కొట్టినవే, ఏ చేనివి ఆ చేనికి విడిగా దారం కట్టి ఉన్నాయి. నేను రోజంతా కూర్చుని గీతలు గీశాను. ఒక కట్ట దగ్గర నాకు చిరాకేసింది. ఏ చోటు చూసినా గట్టిరాయి, లేదంటే మన్ను వాలకం.

"ఈ చేలో బోరు మాటెత్తొద్దని చెప్పండి సార్. ఈయనెవరో గానీ, ఉన్నది కూడా పారబోసుకుంటాడు. తోటలూ గీటలూ మానుకుని వానకి పండేదేదో వేసుకోమనండి."

"నిశ్చయంగా చెబుతున్నావా?"

"ఇంత నిశ్చయంగా నేనెప్పుడూ చెప్పలేదు."

సార్ ఆ కట్ట నా వైపు జరిపారు. పిన్ను తీసి మడత విప్పాను. కోటయ్య, బత్తాయి తోట, తూర్పు గట్టు. రెండోది విప్పాను. కోటయ్య, బత్తాయి తోట, మోటారు గది వెనక. మిగతావి విప్పలేదు. సార్ నాకు చెప్పకుండా వెళ్ళి మళ్ళీ కొలిచి వచ్చారు. నాన్నతో అప్పటికే ఒక మాట కూడా అనేసి వచ్చారు. ఈసారి చెప్పేది మీ అమ్మాయి, ఆమెకి ఇది ఎవరి పొలమో తెలియకుండా చెబుతుంది, ఆమె మాటే నా మాట అని. నేను బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. సార్ కిందకి వెళ్ళి టీ చెప్పి, చాలాసేపు పైకి రాలేదు.

ఇంటికి వెళ్ళి నాన్నకి చెప్పాను. ఆయన నన్ను ఒక్కటే అడిగాడు.

"మనదని తెలవక ముందే అన్నావా?"

"తెలవక ముందే."

"అయితే నిజమే" అన్నాడు. మర్నాడే కూలీలని పిలిచి తోట కొట్టించాడు. ఒక్కో చెట్టు పడుతుంటే ఆయన గట్టు మీద కూర్చుని చూశాడు, లేవమన్నా లేవలేదు. ఆ ఏడు కంది వేశాడు. పండింది, తోటంత కాదు గానీ పండింది. చేటు వస్తుందన్న యజమాని ఇప్పటికీ గుండ్రాయిలా ఉన్నాడు.

నాన్న నా మాట విన్నది జీవితంలో అదే మొదటిసారి. ఆ ఆనందం కూడా నాకు పూర్తిగా దక్కలేదు. అది మా పొలమని తెలిసి ఉంటే ఆ మాట అనేదాన్నా? నాన్న మొహం కళ్ళముందు పెట్టుకుని ఆ గీతలు చూసి ఉంటే, ఏదో ఒక మూల కాస్త తడి కనిపించేది కాదూ? ఎంత తన్నుకున్నా తేల్చుకోలేను. సార్ ఒకసారి పడి, ఎక్కడ పడ్డారో తెలుసుకున్నారు. నన్ను పడకుండా పట్టుకున్నారు, అందుకని నేనెక్కడ పడతానో నాకు తెలియకుండా పోయింది. అంత మేలు చేసిన మనిషి మీద కుళ్ళుకోవడం కంటే నీచం ఉండదని తెలుసు. తెలిసినంత మాత్రాన పోతుందా?

ఇప్పుడు మీటరు నాది, జీపు నాది. కాగితాలు మడిచేది మా నాన్న. పొలం కౌలుకిచ్చేశాక ఊరికే కూర్చోలేక నాతో వస్తున్నాడు. చోటు పేరు రాసి, మడిచి, పిన్ను కొట్టి, అంకెలు నాకందించి, వెళ్ళి నీడన కూర్చుంటాడు. నా మొహం చూడడు, తన మొహం నన్ను చూడనివ్వడు.

మొన్న దాచేపల్లి దగ్గర ఆ ఎర్రటి ముద్ద వచ్చినప్పుడు చేనుగలాయన మంచి మనిషి, నా పరువు కాపాడబోయాడు. "పొద్దున పూజ చెయ్యకుండా బండి ఎక్కించారమ్మా. అందుకే అయ్యుంటది" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు అవునవునన్నారు. ఒక్క తల ఊపితే సరిపోయేది. "పూజ వల్ల కాదండీ. నేను చెప్పింది తప్పు" అన్నాను. బండి ఆగిపోయింది. ఎవరూ మడత పెట్టి నాకు అందించని మాట అది, నా అంతట నేను అన్నది. తిరిగి నాన్న వంక చూశాను. ఆయన వైర్లు చుట్టుకుంటూ తల కూడా ఎత్తలేదు.

"సాయిబు గారైతే వెనకోళ్ళకి గూడా వినపడేట్టు చెప్పేవోడే" అన్నాడు.

మళ్ళీ జనం వైపు తిరిగి, గట్టిగా, ఇంకోసారి చెప్పాను. తరవాత చేను పిడుగురాళ్ళ దారిలో ఉంది. అక్కడిదాకా నా కుళ్ళు కూడా జీపులో మాతోనే వచ్చింది. దిగాక, తెల్ల కాగితాల కట్ట తీసి ఆయన చేతిలో పెట్టాను.